పిన్ను చెక్కుచెదరలేదు, బోల్టు తెగింది

(పాత వాహనాల ఇంజన్లు విప్పి బిగించడం నేర్చుకుంటున్నవారి ఎదుట చేసిన ప్రసంగానికి రాత రూపం)

అందరికీ నమస్కారం. మైకు అక్కర్లేదు, వెనక వరసకు కూడా వినబడుతుంది. ముప్పై ఏళ్లుగా నడుస్తున్న ఇంజన్ల పక్కన నిలబడి మాట్లాడిన గొంతు ఇది. (నవ్వులు)

ముందు ఒక వస్తువు పంపిస్తున్నాను. చేతికి అందినవాళ్లు కాసేపు తిప్పి చూసి పక్కవాళ్లకివ్వండి. అది కనెక్టింగ్ రాడ్ బోల్టు, పిస్టన్‌ను క్రాంక్ షాఫ్టుకు కలిపే రాడ్డుది. రెండు ముక్కలయింది. చిన్న ముక్కకు నట్టు ఇంకా పట్టుకునే ఉంది. నట్టు తల మీద కోట బురుజుల్లా ఎత్తుపల్లాలున్నాయి కదా, అందుకే క్యాసిల్ నట్టు అంటాం. ఆ గాడిలోంచి, బోల్టు రంధ్రంలోంచి స్ప్లిట్ పిన్ను, అంటే రెండు కాళ్ల పిన్ను, దూరి ఉంది. పిన్ను కాళ్లు చూడండి, వంచినవి వంచినట్టే ఉన్నాయి. నట్టు వెంట్రుకవాసి కూడా తిరగలేదు. మరి బోల్టు ఎందుకు తెగింది? ఇవాళ నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే.

ఆ ఇంజను బిగించింది నేనే. అప్పటికి పనిలో చేరి రెండేళ్లు. బిగించే బలం (టార్క్) కొలిచే టార్క్ రెంచి క్లిక్కుమంది, నట్టు సరిగ్గా బిగిసింది. పిన్ను పెడదామని వంగి చూస్తే, బోల్టులోని రంధ్రం గాడికి ఎదురుగా లేదు. గాడి దాన్ని కాస్త దాటిపోయింది. తర్వాతి గాడి దాకా బిగిద్దామంటే ఇంకా చాలా తిప్పాలి, బోల్టు తెగుతుందేమోనని భయం. వెనక్కి రవ్వంత తిప్పాను. రంధ్రం చక్కగా కనబడింది. ఎంత తిప్పానంటారా? మహా అయితే ఇరవై డిగ్రీలు. గడియారంలో నిమిషాల ముల్లు మూడు నిమిషాల్లో జరిగేదానికన్నా కొంచెం ఎక్కువ, అంతే. పిన్ను పెట్టి, కాళ్లు వంచి, సంప్ (ఇంజను అడుగు నూనె తొట్టి) మూసేశాను. మూడు వందల కిలోమీటర్లు తిరిగాక కింద నుంచి టకటకమని మోత. బండి ఆపేలోపే రాడ్డు క్రాంక్‌కేసు గోడకు బొక్క పెట్టింది.

పిన్ను తన పని తాను చేసింది. నట్టును తిరగనివ్వకపోవడమే దాని పని. బోల్టులో బిగువు లేకపోతే ఆ లోటు పూడ్చడం దాని వల్ల కాదు.

బోల్టును ఇనప కడ్డీ అనుకోకండి, స్ప్రింగ్ అనుకోండి. నట్టు తిప్పేకొద్దీ అది సాగుతుంది. సాగిన బోల్టు వెనక్కి లాక్కుంటుంది కాబట్టి రెండు భాగాలూ ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి. ఎంత సాగుతుంది? ఈ సైజు రాడ్డు బోల్టు, సాగే భాగం 60 మిల్లీమీటర్లున్నది, సరైన బిగువులో 0.12 మిల్లీమీటర్ల దాకా సాగుతుంది. రాత కాగితం ఒకటి వేళ్ల మధ్య పట్టుకోండి, దాదాపు అంత మందం. ఇంజను ప్రాణం ఆ కాగితమంత సాగుదల మీద ఆధారపడి ఉంటుంది.

ఇప్పుడు నా ఇరవై డిగ్రీల లెక్క చూద్దాం. ఇది 3/8 అంగుళాల బీఎస్ఎఫ్ మర, సన్న చుట్ల పాత బ్రిటిష్ కొలత. అంగుళానికి 20 చుట్లు, అంటే ఒక చుట్టుకు 1.27 మిల్లీమీటర్లు. ఇరవై డిగ్రీలకు నట్టు 0.07 మిల్లీమీటర్లు వెనక్కి జరుగుతుంది. మొత్తం సాగుదలే 0.12. నట్టు కింద నొక్కుకున్న లోహం కూడా కొంత తిరిగి లేస్తుందని కలుపుకున్నా, సుమారు సగం బిగువు నా చేతులతో నేనే తీసేశాను. తీసేసి, మళ్లీ బిగుసుకోకుండా పిన్నుతో తాళం వేశాను.

సగం బిగువు సరిపోదా అని అడగొచ్చు. ఫోర్ స్ట్రోక్ ఇంజనులో ఎగ్జాస్ట్ స్ట్రోక్ చివర పిస్టన్ పైకి దూసుకెళ్లి ఆగి మళ్లీ కిందికి రావాలి. దాన్ని అడ్డుకునే గ్యాసు ఒత్తిడి అప్పుడు ఉండదు. ఆ విసురంతా రాడ్డు బోల్టుల మీదే పడుతుంది. ఇంజను నిమిషానికి 3000 చుట్లు (ఆర్పీఎం) తిరిగేటప్పుడు, రెండు చుట్లకోసారి కాబట్టి, అది నిమిషానికి 1500 సార్లు, గంటకు తొంభై వేల సార్లు. బోల్టు బిగువు ఆ లాగుడుకన్నా ఎక్కువుంటే క్యాప్ (రాడ్డు అడుగున బోల్టులు పట్టి ఉంచే సగం) విడివడదు, బోల్టుకు తెలిసేది కొద్దిపాటి తేడానే. బిగువు తక్కువైందా, ప్రతిసారీ క్యాప్ సన్నగా నోరు తెరుస్తుంది, మొత్తం లాగుడు బోల్టు మీద పడుతుంది. తీగను అటూ ఇటూ వంచి తెంపుతాం చూడండి, అలాగన్నమాట. తెగిన చోట ఆల్చిప్ప మీద ఉండేలాంటి గీతలు కనబడతాయి. ఒక్కో గీత పగులు కొంత దూరం పాకి నిలిచిన చోటు. పగులు మొదలైంది నట్టులోకి దిగే మొదటి మర దగ్గర. నట్టు మరల్లో ఆ మొదటిదే దాదాపు మూడో వంతు భారం మోస్తుంది, బోల్టు ఎక్కువగా తెగేది అక్కడే.

సరే, క్యాసిల్ నట్టు ఎలా బిగించాలి? వెనక్కి తిప్పకూడదు. ఎప్పుడూ. మాన్యువల్ కింది హద్దు, పై హద్దు ఇస్తే, ముందు కింది హద్దుకు బిగించండి. రంధ్రం కనబడకపోతే పై హద్దు దాకా వెళ్లండి. అప్పటికీ గాడి కలవకపోతే నట్టు విప్పి, పక్క బోల్టు నట్టుతో మార్చి చూడండి. మర మొదలయ్యే చోటు ఒక్కో నట్టులో ఒక్కోలా ఉంటుంది కాబట్టి పని సగం సార్లు అక్కడే అయిపోతుంది. అవ్వకపోతే నట్టు అడుగు ముఖాన్ని అరగదీయాలి. మందపాటి గాజు పలక మీద సన్న ఎమెరీ పేపరు పరిచి, చుక్క నూనె వేసి, నట్టును ఒక పొట్టి బోల్టు ముక్కకు ఎక్కించి నిటారుగా పట్టుకుని రుద్దండి. ఎంత రుద్దాలో కూడా లెక్కుంది. గాడి ఇంకో పది డిగ్రీలు ముందుకు రావాలంటే, ఈ మరకైతే 0.035 మిల్లీమీటర్లు పోవాలి. నాలుగు రుద్దులు, ఒక కొలత. తొందరపడి గ్రైండరు చక్రానికి పెట్టారో, ముఖం వాలుతుంది, వాలిన నట్టు బోల్టును వంచుతుంది, మళ్లీ కథ మొదటికే.

ఇంకో సంగతి. ఆరు గాడుల నట్టుకు, ఒక్క రంధ్రం ఉన్న బోల్టుకు అరవై డిగ్రీలకోసారి మాత్రమే గాడి కలుస్తుంది. అరవై డిగ్రీలంటే ఈ బోల్టులో 0.21 మిల్లీమీటర్లు, అసలు సాగుదలకన్నా ఎక్కువ. కాబట్టి "ఇంకో గాడి ముందుకు తోసేద్దాం" అనే ధైర్యం కూడా పనికిరాదు. వెనక్కి తిప్పితే నాలా అవుతుంది, ముందుకు తోస్తే బోల్టు సాగిపోయి మళ్లీ తన పొడవుకు రాదు. వేసేముందు బోల్టు పొడవు మైక్రోమీటరుతో కొలిచి రాసుకోండి. విప్పినప్పుడు మళ్లీ కొలవండి. పొడవు పెరిగిందంటే ఇక అది బోల్టు కాదు, పేపర్ వెయిట్. (నవ్వులు)

పిన్ను ఎప్పుడూ కొత్తదే వేయండి. రంధ్రానికి నిండుగా పట్టేది ఎంచుకోండి. సన్నదైతే లోపల ఆడి ఆడి తనను తానే కోసుకుంటుంది.

టార్క్ గురించి రెండు ముక్కలు. రెంచి చూపించేది బిగువు కాదు, రాపిడితో కలిసిన లెక్క. మీరు పెట్టే బలంలో సుమారు సగం నట్టు ముఖం కింద రాపిడికి, నలభై శాతం మరల రాపిడికి పోతుంది. బోల్టును సాగదీసేది మిగిలిన పది శాతమే. అందుకే నూనె వేశారా లేదా అన్నది చిన్న విషయం కాదు. 10 మిల్లీమీటర్ల బోల్టును 50 న్యూటన్ మీటర్లకు బిగిస్తే, పొడి మరలో సుమారు రెండున్నర టన్నుల బిగువు వస్తుంది. అదే అంకె, అదే బోల్టు, నూనె రాసిన మరలో మూడు టన్నుల నాలుగు వందల కిలోలు దాకా పోతుంది. మాన్యువల్‌లో అంకె పక్కన "నూనెతో" అనో "పొడిగా" అనో ఉందేమో చూడకుండా అంకె ఒక్కటే పట్టుకోవడం మందు సీసా మీద మోతాదు చదివి మందు పేరు చదవకపోవడం లాంటిది. పాత మాన్యువళ్లలో అడుగు-పౌండ్లు ఉంటాయి, 1.356తో గుణిస్తే న్యూటన్ మీటర్లు. చాలా పాత బళ్లకైతే అంకే ఉండదు. అప్పుడు రాడ్డు బోల్టుకు రెండు చివరలూ మైక్రోమీటరుకు అందుతాయి కాబట్టి సాగుదలే కొలవండి. రాపిడి ఏం చేసినా సాగుదల అబద్ధం చెప్పదు.

ఇప్పుడు చెక్ నట్టు, అంటే నట్టు వదులవకుండా తోడుగా వేసే నట్టు. ఒక లావు నట్టు, ఒక పలచ నట్టు, ఒకదాని మీద ఒకటి. ఏది కింద? చేతులెత్తండి. పలచది పైన అన్నవాళ్లే ఎక్కువున్నారు. చూడ్డానికి అదే సబబనిపిస్తుంది, లావుది పని చేస్తుంది, పలచది కాపలా కాస్తుంది అని. జరిగేది తలకిందులు. పై నట్టును కింది నట్టు మీదకు బిగించేసరికి, రెంటి మధ్య బోల్టు ముక్క సాగుతుంది. అసలు భారం పై నట్టు మరల మీదికి మారుతుంది. కింది నట్టు మరలకు ఒత్తిడి రెండో వైపు నుంచి తగులుతుంది. భారం మోసేది పైది కాబట్టి పైదే లావుగా ఉండాలి. పలచది ముందు వేసి, పూర్తి టార్క్‌లో పావు నుంచి సగం మాత్రమే బిగించండి. దాన్ని పానాతో కదలకుండా పట్టుకుని, లావుదాన్ని పూర్తిగా బిగించండి. పట్టుకోకుండా బిగిస్తే రెండూ కలిసి తిరుగుతాయి, ఒకదాన్నొకటి నొక్కుకోవు.

ట్యాపెట్ చెక్ నట్టు సంగతి వేరు. అక్కడ ఒక్కటే నట్టు, గ్యాప్ సరిచేసే స్క్రూ మీద ఉండి, వాల్వును నొక్కే రాకర్ ఆర్మ్ మీదకు బిగుస్తుంది. అందరూ చేసే తప్పేంటంటే, ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచ బ్లేడు) పెట్టి వాల్వు గ్యాప్ సరిచేసి, నట్టు బిగించి, ముందుకెళ్లిపోవడం. నట్టు బిగిసేటప్పుడు మరలో ఉన్న కాస్త ఆటను పీల్చుకుని స్క్రూను పైకి లాగుతుంది, గ్యాప్ పెరుగుతుంది. స్క్రూడ్రైవర్ గట్టిగా పట్టుకోకపోతే స్క్రూ నట్టుతో పాటు తిరిగి గ్యాప్ తగ్గుతుంది. ఎటు పోతుందో మీ బండి, మీ చెయ్యి చెప్పాలి. బిగించాక మళ్లీ గేజ్ పెట్టి చూడటం ఒక్కటే మార్గం. 0.30 మిల్లీమీటర్లు కావాలంటే 0.28 బ్లేడు దూరాలి, 0.33 దూరకూడదు. రాకర్ కొన అరిగి గుంటపడి ఉంటే గేజ్ ఆ గుంట మీద వంతెనలా నిలబడి అబద్ధం చెబుతుంది. అది ఇంకో రోజు మాట్లాడుకోవాల్సిన సంగతి.

స్ప్రింగ్ వాషర్ల మీద, అంటే నట్టు కింద వేసే ఒకచోట తెగి మెలిపడిన ఉంగరాల మీద, నాకు పాత కక్ష ఉంది, క్షమించాలి. పాత ఇంజన్లలో ఎక్కడ చూసినా అవే. 1969లో గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజనీరు ఒక పరీక్ష చేశాడు. బోల్టు పొడవునా కాకుండా అడ్డంగా, అంటే బిగించిన రెండు భాగాలనూ ఒకదాని మీద ఒకటి జారేలా కుదిపితే, నట్టు తనంతట తాను తిరిగి వదులవుతుందని చూపించాడు. ఆ తరహా కుదుపు పరీక్షలో స్ప్రింగ్ వాషర్ పెద్దగా ఆపదు. 1990లో నాసా వెలువరించిన ఫాస్టెనర్ మాన్యువల్ కూడా ఇదే చెప్పింది. పూర్తిగా బిగించేసరికి ఆ వాషర్ చదునైపోతుంది, ఇక మామూలు వాషర్‌తో సమానం, తాళం గుణం ఏమీ మిగలదు. నా మాట వినండి: అసలు వాహనంలో ఉందని రూపం కోసం పెట్టుకుంటే పెట్టుకోండి, దాన్ని నమ్మి టార్క్ తగ్గించకండి. భాగాలు జారకుండా నొక్కి పట్టేది బిగువే.

అందుకే నట్టు కింద ఏముందో కూడా చూడాలి. రంగు వేసిన ముఖం మీద నట్టు బిగిస్తే, వేడికి, కుదుపుకు ఆ రంగు నలిగి పలచబడుతుంది. కాగితమంత సాగుదలలో రంగు పొర మందం ఎంత పెద్ద భాగమో మీరే చెప్పండి. మెరిపించిన ఇంజను నెల తిరిగేసరికి నూనె కారుస్తుందంటే, నేను ముందు చూసేది నట్టు కింది రంగునే. నట్టు కూర్చునే చోటు రంగు గీకేయండి. మర అంచుల మీద రేగిన లోహం కూడా అంతే, తీసేయాలి. మెరుపు కోసం రాడ్డు బోల్టులకు ఎలక్ట్రోప్లేటింగ్ చేయించకండి. గట్టి ఉక్కులోకి హైడ్రోజన్ చొరబడి పెళుసుబారుతుంది, బిగించిన రోజు బాగానే ఉండి తర్వాత ఏ హెచ్చరికా లేకుండా తెగుతుంది.

నైలాక్ నట్టు. లోపల నైలాన్ ఉంగరం ఉంటుంది, అది మరను పట్టుకుంటుంది. ఉంగరం ఉన్న వైపు పైకి రావాలి. బోల్టు కొన ఉంగరాన్ని దాటి ఒకటి రెండు మరలు బయటికి కనబడాలి, కనబడకపోతే ఉంగరం పట్టు లేనట్టే. 120 డిగ్రీల సెల్సియస్ దాటితే నైలాన్ మెత్తబడుతుంది, కాబట్టి ఎగ్జాస్ట్ దగ్గర దాని ఊసెత్తకండి. ఒకసారి వాడిన నైలాక్ వేళ్లతోనే ఉంగరం దాటి తిరిగిపోతుంటే చెత్తబుట్టలో వేయండి. కొత్తదాన్ని బిగించేటప్పుడు మాత్రం ఒక లెక్క కలపాలి. నట్టు ముఖం ఇంకా తాకకముందే ఉంగరం రాపిడికి రెంచి కొంత బలం చూపిస్తుంది, అది 5 న్యూటన్ మీటర్లు అనుకుంటే, 45 కావాల్సిన చోట 50కి బిగించాలి. మర కొంచెం నొక్కి చేసిన పూర్తి లోహపు లాక్ నట్టులకూ ఇదే లెక్క, అవి వేడికి తట్టుకుంటాయి.

ట్యాబ్ వాషర్లు, అంటే వంచే నాలుక ఉన్న వాషర్లు, ఫ్లైవీల్ మీదా మెయిన్ బేరింగ్ క్యాపుల మీదా కనబడేవి. కొత్తవే వాడండి. నట్టు బిగించాక నాలుకను నట్టు చదును వైపుకు వంచాలి, మూలకు కాదు. మూలకు ఆనించి వంచితే నట్టు కొంత వెనక్కి తిరగడానికి చోటు మిగులుతుంది. ఒకసారి వంచి తీసిన నాలుకను మళ్లీ వంచితే అది మడత దగ్గర పగిలి, ఊడి, సంప్‌లో తిరుగుతుంది. దొడ్డు నట్టు మీద పలచ ఉక్కు రేకు నట్టు ఉన్న పాత ఇంజన్లు కూడా చూస్తారు. దాన్ని నునుపు ముఖం కింది నట్టువైపు పెట్టి, వేళ్లతో తగిలేదాకా తిప్పి, ఆపైన పావు నుంచి అర చుట్టు చాలు. దానికి బలం చూపించక్కర్లేదు.

మరను అంటించి పట్టే థ్రెడ్ లాకర్ ద్రవం 1953లో వెర్నన్ క్రీబుల్ అనే రసాయన శాస్త్రవేత్త కనిపెట్టింది. గాలి తగలనంత కాలం, లోహం తగిలినంత కాలం గట్టిపడుతుంది. నూనె ఉన్న మరలో సరిగ్గా పట్టదు. మాన్యువల్ నూనె రాసి బిగించమన్న రాడ్డు నట్టుకు ఇది పోస్తే రెండింటికీ చెడ్డ రేవడే. రాపిడి మారి టార్క్ అంకె తప్పుతుంది, ద్రవమూ పట్టదు.

ఇక ప్రశ్నలు.

(సభ నుంచి: "పాత నట్టు పోతే డబ్బాలోంచి సరిపోయేది వెతికి వేస్తాం. చేత్తో చక్కగా ఎక్కితే సరిపోయినట్టేనా?")

మంచి ప్రశ్న, ప్రమాదకరమైన ప్రశ్న. ఎక్కడం వేరు, సరిపోవడం వేరు. పాత బ్రిటిష్ కొలతైన విట్‌వర్త్ మర 1841 నాటిది, దాని కోణం 55 డిగ్రీలు. 1940ల చివర్లో వచ్చిన యూనిఫైడ్ మర కోణం 60 డిగ్రీలు. 3/8 అంగుళాల సైజులో రెండింటికీ అంగుళానికి 16 చుట్లే. నట్టు తేనెలా ఎక్కుతుంది. కానీ కోణాలు కలవవు, మర పక్కలు నిండుగా తాకవు, భారం సన్న అంచు మీద పడుతుంది. అర అంగుళంలో ఆ గొడవ లేదు. ఒకటి 12 చుట్లు, ఇంకోటి 13 కాబట్టి రెండు చుట్లకే బిగుసుకుని పట్టిస్తుంది. ఎక్కని నట్టు మీకు ఉపకారం చేస్తుంది, ఎక్కిన తప్పు నట్టే ద్రోహం చేస్తుంది. మర చుట్లు సరిచూసే థ్రెడ్ గేజ్ ఒకటి జేబులో పెట్టుకోండి.

(సభ నుంచి: "పిన్ను రంధ్రం ఉన్న బోల్టుకు క్యాసిల్ నట్టు దొరక్కపోతే నైలాక్ వేయొచ్చా?")

ఇంజను లోపల వద్దు. వేడి సంగతి పక్కన పెట్టినా, ఆ రంధ్రం అంచు కత్తిలా ఉంటుంది. నైలాన్ ఉంగరం దాని మీంచి దాటేటప్పుడు తురుముకుపోతుంది. తురుము ఆయిల్‌లోకి, పట్టు గాలికి. క్యాసిల్ నట్టు దొరికేదాకా ఇంజను మూయకండి.

(సభ నుంచి: "ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కు ఏం వాడాలి?")

ఇత్తడి నట్టులు, లేదా రాగి పూత ఉన్న లోహపు లాక్ నట్టులు. ఉక్కు స్టడ్ (హెడ్‌లో దిగి ఉండే తల లేని బోల్టు) మీద ఉక్కు నట్టు ఆ వేడికి తుప్పుపట్టి ఒకటైపోతుంది. విప్పబోతే స్టడ్డే విరిగి హెడ్‌లో ఉండిపోతుంది. ఇత్తడిదైతే పోతే నట్టు మర పోతుంది, స్టడ్ మిగులుతుంది. విరిగిన స్టడ్‌ను డ్రిల్లుతో తీస్తూ ఒక ఆదివారం గడిపినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

ఇంతకీ ఆ బోల్టు ఎవరి దగ్గరుంది? ఆ మూల కూర్చున్నాయన దగ్గరా. బాబూ, చిన్న ముక్కను ఆ నూనె గుడ్డలోనే చుట్టి ఇవ్వండి. చేతి చెమటకు తుప్పు పడితే ఆ గీతలు చెరిగిపోతాయి.